మచ్చ పోయినంక ఇచ్చే బస్తా

మా అమ్మ చేతులు కాలవు. మా ఇంట్లో అందరం ఈ మాటను కళ్లు మూసుకుని నమ్మేవాళ్లం. పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా ఉత్త చేతులతో పట్టి దించేది. పాలు పొంగుతుంటే మిగతా ఆడవాళ్లు కొంగు వెతుక్కుంటారు, ఆమె చటుక్కున గిన్నె ఎత్తి పక్కన పెట్టేది. మా నాయనమ్మకు అదొక పెద్ద గొప్ప. చుట్టాలు వస్తే చాలు, వాళ్లు కాళ్లు కడుక్కోకముందే కోడలిని పిలిచేది.

"ఏమే, ఆ చారు గిన్నె జర దించు. వీళ్లు సూస్తరు."

అమ్మ దించేది. వచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. నేను పక్కన నిలబడి, గిన్నె నేనే దించినట్టు మిడిసిపడేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మాది మిర్యాలగూడ. ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం, ఇంటి వెనకే చిన్న రైస్ మిల్లు. సాగర్ కాలువ నీళ్లు కొత్తగా పారుతున్న రోజులవి. మాడుగులపల్లి నుంచి, దామరచర్ల దిక్కు నుంచి బండ్ల మీద వడ్లు దిగుతూనే ఉండేవి. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ముందు పెద్ద పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టేవాళ్లు. సరిగ్గా ఉడికాయో లేదో తెలియాలంటే గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి చూడాలి. మిగతావాళ్లు గరిటెతో తీసి, ఊది ఊది, చల్లారాక నలిపేవాళ్లు. అమ్మ ఆ ఆవిర్లలోకే చెయ్యి పెట్టి తీసేది. "అయినయ్, మంట తియ్యుండ్రి" అనేది. మిల్లులో పనిచేసేవాళ్లకు వేడికి ఓర్చుకునే చెయ్యి అంటే మహా గౌరవం. బొబ్బ లేస్తే ఆముదం రాసుకుని ఊరుకోవాలి గానీ అబ్బా అనకూడదు. అమ్మ ఎన్నడూ అబ్బా అనలేదు. అది ఆమె ఓర్పు అనుకున్నాం.

ఇంతలో నాకు పన్నెండు పదమూడేళ్ల వయసులో ఎడమ చెంప మీద మచ్చ లేచింది. తెల్లగా, కొంచెం పొడిపొడిగా, రూపాయి బిళ్లంత ఉండేది. నాయనమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు దిక్కు తిప్పి చూసి, "అయ్యో, బొల్లి గాదు గదా!" అంది. బొల్లి అంటే ఒళ్లంతా తెల్లగా పాకేస్తుందని విని ఉన్నాను. ఆ రోజంతా అద్దం ముందు నుంచి కదల్లేదు.

మా నాయన వైద్యుణ్ని ఎంచుకోవడం కూడా వడ్లు కొన్నట్టే ఉండేది. నమూనా చూడకుండా, బేరమాడకుండా ఒప్పుకునే రకం కాదు. ఎవరి దగ్గరికి పోయినా ఒకటే మాట: "ఒక బస్తా బియ్యం ఇప్పుడు. ఇంకో బస్తా మచ్చ పోయినంక." మా వాళ్లలో అది కొత్తేమీ కాదు. బావి తవ్వినవాడికి నీళ్లు పడ్డాక, సంబంధం చూసినవాడికి పెళ్లయ్యాక మిగతా సగం. దవాఖానకు కూడా అదే లెక్క.

మొదట హాలియాలో ఆకుపసరు ఇచ్చే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఏదో ఆకు నూరి చెంపకు పట్టు వేశాడు. చెంప భగ్గుమంది! తెల్లారేసరికి పుండు. మా నాయన పోట్లాటకు పోతే, ఆయన నా మొహంలోకి తొంగి చూసి, "మచ్చ ఏడ కనిపిస్తుంది సేటూ? పోయింది గదా. రెండో బస్తా పంపుండ్రి" అన్నాడు. ఎంత గుండె ధైర్యమో! నాకు ఆయన జుట్టు పట్టుకుని పీకాలనిపించింది. పుండు మానాక మచ్చ మళ్లీ అక్కడే కూర్చుంది.

తర్వాత కోదాడ. అక్కడ ఒక డాక్టరు ఇంజెక్షన్లకు పేరు పొందాడు. ఆయన మాట కృష్ణా జిల్లా వాళ్ల మాటలా ఉండేది. "ఇంజెక్షన్లు చేయించండి, తగ్గిపోద్ది. బియ్యం గియ్యం ఏంటండీ? ఇక్కడ ముందే కట్టాలండీ" అన్నాడు. మా నాయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. "రోగం తగ్గుతదని ఆయనకే నమ్మకం లేదు, ముందే అడుగుతుండు" అని బస్సులో దారి పొడుగునా గొణిగాడు. సూది తప్పినందుకు నేను లోలోపల పండగ చేసుకున్నాను.

ఇక మిగిలింది సూర్యాపేట. చర్మరోగాలకే చదువుకున్న డాక్టరు ఒకాయన అక్కడ కొత్తగా దవాఖాన పెట్టాడని ఎవరో చెప్పారు. ఈసారి అమ్మ కూడా వచ్చింది. డాక్టరు నడి వయసు మనిషి, మాట తక్కువ. మా నాయన బస్తాల మాట చెప్పగానే మొదటిసారి నవ్వాడు. "సన్న బియ్యమేనా సేటూ?" అని అడిగి ఒప్పుకున్నాడు. నా చెంప వేలితో గీకి చూశాడు.

"బొల్లి కాదు, ఏం కాదు. కడుపుల పురుగులుంటయి. మందిస్త. పైన ఈ లోషన్ రాయుండ్రి. కొన్నాళ్లకు అదే పోతది."

ధాన్యం వ్యాపారి బిడ్డ కడుపులో పురుగులు! మా నాయన మొహం మాడిపోయింది. నేను మాత్రం ఎగిరి గంతేసేదాన్నే, అంతలోనే గది మూల నుంచి సుయ్‌మని చప్పుడు వచ్చింది.

ఆ మూలన కిరోసిన్ స్టవ్ మీద స్టీలు గిన్నెలో సూదులు మరుగుతున్నాయి. నీళ్లు పొంగి స్టవ్ మీద పడుతున్నాయి. కంపౌండర్ పట్టకారు కోసం అటూ ఇటూ వెతుకుతున్నాడు. అమ్మ ఖాళీగా కూర్చోలేని మనిషి. "జరుగు తమ్మీ" అంటూ లేచి, మరుగుతున్న ఆ గిన్నెను రెండు చేతులతో పట్టి ఎత్తి బల్ల మీద పెట్టింది. పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మా నాయన గర్వంగా డాక్టరు వైపు చూశాడు. నేనూ చూశాను. మా ఇంటికి వచ్చిన చుట్టాల్లాగే ఈయన కూడా ఇప్పుడు నోరు వెళ్లబెడతాడని ఎదురుచూస్తున్నాను.

డాక్టరు కుర్చీ వెనక్కి పడిపోయేంత జోరుగా లేచాడు. "చెయ్యి చూపియ్యమ్మా!" అని అరిచినట్టే అన్నాడు. అమ్మ కంగారుపడి అరచేతులు చాపింది. కుడి చేతి వేళ్ల మీద చర్మం తెల్లగా ఉబ్బుతోంది, మా కళ్ల ముందే.

"మంట లేదా?"

"లేదు డాక్టర్ సాబ్, అలవాటే."

"మా ఆమె చెయ్యి గట్టిది లెండి. మా మిల్లుల అందరు అదే అంటరు," అన్నాడు మా నాయన, ఇంకా నవ్వు మొహంతోనే.

డాక్టరు ఆయన మాట విననట్టే అమ్మను కూర్చోబెట్టాడు. గాజులు పైకి నెట్టాడు. మోచేతి కింద, జాకెట్టు చెయ్యి దాటాక, వెలిసిపోయినట్టున్న ఒక మచ్చ ఉంది. నేను దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, ఎన్నడూ మచ్చ అనుకోలేదు. కళ్లు మూసుకొమ్మని చెప్పి దూది కొసతో ఆ మచ్చ మీద రాశాడు. "తాకినప్పుడల్లా చెప్పమ్మా" అన్నాడు. అమ్మ కళ్లు మూసుకుని బుద్ధిగా ఎదురుచూస్తోంది. దూది తాకుతూనే ఉంది. అమ్మ నోరు విప్పలేదు. తర్వాత ఒక గాజు గొట్టంలో వేడినీళ్లు, ఇంకో దానిలో చన్నీళ్లు పోసి, ఒకదాని తర్వాత ఒకటి వేళ్లకు ఆనించాడు.

"ఏది వేడి, ఏది సల్లగ?"

"రెండూ ఒకటే గదా," అంది అమ్మ.

ఆ వేడి గొట్టం నుంచి ఆవిరి పైకి లేస్తుండటం నాకు కనిపిస్తోంది.

డాక్టరు అమ్మ చేతిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "సేటూ, ఇది గట్టి చెయ్యి కాదు. స్పర్శ చచ్చిన చెయ్యి. కుష్టు" అన్నాడు. మా దిక్కు జనం ఆ మాట పలకడానికి కూడా భయపడి 'పెద్దరోగం' అంటారు. మా నాయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? లేచి వెళ్లి తలుపు మూశాడు. అమ్మ మాత్రం తన చేతిని, అది వేరెవరిదో అయినట్టు, అలాగే చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు చాలాసేపు నచ్చజెప్పాడు. మాత్రలు ఉన్నాయి, కొన్నేళ్లు ఆపకుండా మింగాలి. అమ్మకు ఉన్నది ఇంకొకరికి అంటుకునే రకం కాదు, ఇల్లు వదలాల్సిన పని లేదు, వంట మానాల్సిన పని లేదు. రోగం ఆగుతుంది గానీ పోయిన స్పర్శ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. వేడి మాత్రం ముట్టకూడదు, లేకపోతే వేళ్లే దక్కవు. అప్పటికప్పుడు తెర వెనక నా ఒళ్లూ, మా నాయన ఒళ్లూ పరీక్ష చేశాడు. ఇద్దరికీ ఏమీ లేదు. ఇంట్లో ఉన్న ముసలమ్మను కూడా ఒకసారి తీసుకురమ్మన్నాడు.

అమ్మ వైద్యానికి ఫీజు ఎంతో చెప్పాడు. మా నాయన బేరమాడలేదు. ఆయన నోట బేరం రాకపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం.

బస్టాండులో అమ్మ అడిగిన మాట ఒకటే. "నన్ను ఇంట్ల ఉండనిస్తరా?"

అమ్మ భయం ఊరికే పుట్టలేదు. మా బజారులోనే ఒకామెకు ఈ రోగమని తెలిసి దొడ్లో రేకుల కింద పడేశారు. పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. మా సంగతి అంతకంటే కష్టం. ఆ చెయ్యి పెట్టిన వడ్ల బియ్యం మిర్యాలగూడ అంతా తింటోంది. డాక్టరు అంటుకోదంటే మాత్రం ఊరు ఊరుకుంటుందా?

"ఎవ్వరికి తెల్వనియ్యొద్దు. అమ్మకు గూడ సెప్పొద్దు," అన్నాడు మా నాయన. అమ్మ అంటే మా నాయనమ్మ. "నెలనెల మాత్రలకు వస్తం. పిల్ల మచ్చకు అని సెప్దాం."

"పిల్ల మీద పెడతరా? ఒద్దు," అంది అమ్మ.

"మరి ఎట్ల? నువ్వే సెప్పు!"

నన్ను ఎవరూ అడగలేదు. నా మచ్చ, నా మొహం, ఒక్క మాట నన్ను అడగాలని ఇద్దరికీ తోచలేదు! ఒళ్లు మండిపోయింది. కానీ అమ్మ చేతి మీద లేచిన బొబ్బలు చూస్తూ ఏమని అరుస్తాను?

కొన్ని నెలలకే నా చెంప మీది మచ్చ పోయింది, డాక్టరు చెప్పినట్టే. అక్కడే చిక్కొచ్చింది. బస్తాల బేరం మిల్లులో హమాలీల దాకా అందరికీ తెలుసు. సూర్యాపేట డాక్టరుకు ఇచ్చే రెండో బస్తా మిల్లులో ఒక మూలన, నీలి గీతతో, విడిగా పెట్టి ఉంది. ఆ బస్తా కదిలిందంటే మచ్చ పోయినట్టు. మచ్చ పోతే నెలనెలా సూర్యాపేట ఎందుకు? అందుకని బస్తా కదలలేదు. కొత్త పంట వచ్చినప్పుడల్లా అందులో బియ్యం మార్చేవాడు మా నాయన, బస్తా మాత్రం అదే మూలన. పోయిన మచ్చ ఉన్నట్టు కనపడటానికి అమ్మ రోజూ నా చెంపకు ఆ గులాబీ రంగు లోషన్ పూసేది. అది ఆరాక సున్నం పూసిన గోడలా తెల్లగా అయ్యేది నా చెంప.

బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి వెనక బెంచీకి జరిగింది. సరే, పోతే పోనీ అనుకున్నాను. హమాలీలు "ఇంక తగ్గలేదా బిడ్డా?" అని జాలిపడేవాళ్లు. దానికీ అలవాటుపడ్డాను. అసలు దెబ్బ ఇంట్లో తగిలింది.

ఒకరోజు బడి నుంచి వచ్చి మంచినీళ్ల కోసం గ్లాసు తీసుకోబోతే నా గ్లాసు దాని చోట లేదు. చూస్తే నా గ్లాసు, నా పళ్లెం రెండూ వసారాలో గోడ వారన విడిగా బోర్లించి ఉన్నాయి. "ఏంది నానమ్మా ఇది?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూడలేదు. "ఏం గాదు బిడ్డా. మచ్చ తగ్గేదాక. అంతే."

నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు తినిపించిన మనిషి! అదీ ఎవరి చేతి వంట తింటూ, ఎవరి చెయ్యి పట్టుకుని లేస్తూ! నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పేద్దామని. వంటింట్లోంచి అమ్మ చూస్తోంది. ఆ చూపు చూసి నోరు మూసుకున్నాను. గ్లాసు తీసుకుని వసారాలోనే కూర్చుని నీళ్లు తాగాను. సగం తాగి ఆపేశాను.

అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. మిగిలిన ఎంగిలి నీళ్లు గటగటా తాగేసింది.

"ఏయ్, ముట్టకు! నీకేమన్న పిచ్చా?" అని అరిచింది నాయనమ్మ.

"అత్తమ్మా, రోగం దానికి లేదు. నాకున్నది," అంది అమ్మ. "పెద్దరోగం. దాని మొహం మీద మచ్చ ఎప్పుడో పోయింది. నాకోసమే పూసుకుంటుంది."

తన కొంగుతో నా చెంప మీది లోషన్ రుద్ది తుడిచేసింది. కింద ఏమీ లేదు. నున్నటి చెంప. నాయనమ్మ నా చెంపనూ, అమ్మ చేతినీ మార్చి మార్చి చూసింది. గోడ పట్టుకుని అక్కడే చతికిలబడింది.

ఆ పూట అమ్మ వంటింట్లోకి పోలేదు. గడప అవతల కూర్చుంది. పొమ్మనే మాట కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు. మా నాయన మిల్లు నుంచి వచ్చి సంగతి తెలిసి తల పట్టుకున్నాడు. నాయనమ్మ లేచింది. పొయ్యి వెలిగించి తనే అన్నం వండింది. గిన్నె దించబోయి చెయ్యి చురుక్కుమని అబ్బా అంది. అని, అక్కడే నిలబడిపోయింది. కళ్ల నుంచి బొటబొటా నీళ్లు.

"నీ చెయ్యి కాలుతుంటె సూసి సంబరపడ్డనే," అంది అమ్మతో. "చుట్టాలను పిలిచి మరీ సూపిచ్చిన. ఎన్నిసార్లు దింపిచ్చిననే ఆ గిన్నెలు!"

అమ్మ ఏడ్చింది. రోగమని తెలిసిన రోజు కూడా ఏడవని మనిషి. నాయనమ్మ వసారాలో నుంచి నా పళ్లెం తెచ్చి అమ్మ పళ్లెం పక్కన పెట్టింది. మసిగుడ్డను రెండు మడతలు పెట్టి అమ్మ చేతిలో ఉంచింది. "ఇది లేకుంట పొయ్యి కాడికి వస్తె కాళ్లిరగ్గొడ్త," అంది.

ఆ తర్వాత నెలలో ఆమె కూడా మాతో సూర్యాపేట వచ్చింది. జాకెట్టు విప్పమంటే డాక్టరును తిట్టిపోసింది, కానీ పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదు. అప్పటి నుంచి మా అబద్ధానికి ఆమే కాపలా. ఎవరైనా ఇంటికి వస్తే, "ఆ సూర్యాపేట డాక్టరు మందు పనిజేస్తలేదమ్మా, మొండి మచ్చ" అని ముందే మొదలుపెట్టేది. నేను లోషన్ పలచగా పూసుకుంటే, "గంతేనా? ఇంకింత పూయి, కనవడ్తలేదు" అని గదమాయించేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు నాకు.

నాలుగైదేళ్లు గడిచాయి. అమ్మ చిటికెన వేలు కొంచెం వంగి అలాగే ఉండిపోయింది, మిగతా వేళ్లన్నీ దక్కాయి. ఆ నెలతో మాత్రలు ఆపేస్తానన్నాడు డాక్టరు, అదే ఆఖరి ప్రయాణం. సూర్యాపేట బయలుదేరే పొద్దున అమ్మ ఎప్పటిలాగే నన్ను ముందు కూర్చోబెట్టుకుని, సీసా వంచి, కుడి చేతి వేళ్ల మీద లోషన్ పోసుకుంది. పూయబోయి ఆగింది. వేళ్లను కళ్ల ముందుకు తెచ్చుకుని చూసుకుంది. ఇంకొంచెం పోసుకుంది.

"ఏందే ఇది?" అంది. "సల్లగుంది."

అమ్మ లోషన్ వేళ్లతో నా చెంపను తాకింది. తీసి, మళ్లీ తాకింది. "నీ చెంప ఎచ్చగుందే," అంది. స్పర్శ వేళ్ల కొసలకే, అదీ రెండు వేళ్లకే వచ్చిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున మాత్రం మాకు ఆ లెక్కలు పట్టలేదు. నాయనమ్మ పరుగున వచ్చి నా చెంప మీది లోషన్ తన కొంగుతో తుడిచేసింది.

మా నాయన మిల్లులోకి పోయి నీలి గీత బస్తాను కదిలించమన్నాడు. పెద్ద హమాలీ దాన్ని వీపు మీద వేసుకుని బస్సు దాకా మోశాడు. పైకి ఎక్కించి దిగి, చెమట తుడుచుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"పోయిందా బిడ్డా మచ్చ?"

పక్కన నిలబడ్డ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది.

"పోయింది తాతా," అన్నాను.